రోజూ ఉండేదే సార్: ఒక హాస్టల్ గది వైఫై కేసు

ఆగస్టు రెండో వారంలో మా యూనివర్సిటీ బాయ్స్ హాస్టల్ నుంచి వచ్చిన ఒక ఫిర్యాదు టికెట్ మూడోసారి తెరుచుకుంది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం అబ్బాయి. "పొద్దున లాప్‌టాప్‌కి క్యాంపస్ వైఫై రావడం లేదు. ఫోన్‌కి వస్తోంది. మధ్యాహ్నానికి దానంతట అదే వస్తుంది." ఇంతే రాశాడు. మొదటి రెండుసార్లు మా హెల్ప్‌డెస్క్ వాళ్లు "నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కనెక్ట్ అవ్వండి" అని చెప్పి టికెట్ మూసేశారు. వాళ్ల తప్పు కూడా కాదు. ఆ అబ్బాయి క్లాసులు అయ్యాక లాప్‌టాప్ పట్టుకొచ్చేసరికి రెండుసార్లూ మధ్యాహ్నమైంది, అది బుద్ధిగా కనెక్ట్ అయింది. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి జ్వరం తగ్గిపోయినట్టు.

మూడోసారి తెరుచుకున్న టికెట్ నా దగ్గరికి వస్తుంది, మా దగ్గర పద్ధతి అది. కంప్యూటర్ సెంటర్‌లో నెట్‌వర్క్ పని చూసేవాళ్లం ముగ్గురమే. ఒక లాప్‌టాప్ కోసం ఇన్ని రోజులు పెట్టావా అని తర్వాత మా వాళ్లే నవ్వారు. పెట్టాను. అందులో సగం రోజులు నా ఊహల వెనక నేను తిరిగినవే కాబట్టి వాటినీ దాచకుండా రాస్తున్నాను.

ముందు మా వైఫై సంగతి

ఇంట్లో వైఫైకి ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, ఇంట్లో అందరిదీ అదే. క్యాంపస్‌లో అలా కుదరదు. ఎవరి రోల్ నంబర్ వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. దీన్ని ఎంటర్‌ప్రైజ్ పద్ధతి అంటారు. లాప్‌టాప్ కనెక్ట్ అయ్యేటప్పుడు మూడు మెట్లు ఎక్కుతుంది. మొదటిది రేడియో మెట్టు: గోడ మీదున్న యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె), లాప్‌టాప్ ఒకదాన్నొకటి గుర్తుపట్టి చేయి కలుపుతాయి. రెండోది గుర్తింపు మెట్టు: యాక్సెస్ పాయింట్ తనే ఏమీ నిర్ణయించదు, మా సర్వర్ రూమ్‌లో ఉన్న, ఎవరిని రానివ్వాలో తేల్చే రేడియస్ సర్వర్‌తో లాప్‌టాప్‌ని మాట్లాడిస్తుంది. మూడోది అడ్రస్ మెట్టు: లోపలికి రానిచ్చాక ఒక ఐపీ అడ్రస్ ఇస్తారు. హాస్టల్ భాషలో చెప్పాలంటే వాచ్‌మన్ గేటు తీయడం, వార్డెన్ రిజిస్టర్ చూడడం, గది తాళం ఇవ్వడం. విద్యార్థికి మాత్రం ఈ మూడింటిలో ఏది తప్పినా ఒకే వాక్యం కనిపిస్తుంది: ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేకపోతున్నాం.

ఈ కేసుకి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. రెండో మెట్టు దగ్గర పరీక్ష రెండువైపులా జరుగుతుంది. సర్వర్ విద్యార్థిని అడిగేముందు విద్యార్థి లాప్‌టాప్ సర్వర్‌ని అడుగుతుంది: నువ్వు నిజంగా యూనివర్సిటీ సర్వర్‌వేనా? సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద సంతకం, పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో చూసి, నచ్చితేనే లాప్‌టాప్ పాస్‌వర్డ్ సంగతి ఎత్తుతుంది.

అబ్బాయి చెప్పిన లక్షణాలు

కూర్చోబెట్టి అడిగితే టికెట్‌లో లేనివి చాలా బయటికొచ్చాయి. పొద్దున విండోస్‌లో క్యాంపస్ వైఫై రాదు. కానీ ఫోన్ హాట్‌స్పాట్‌కి వెంటనే కనెక్ట్ అవుతుంది. కాసేపు హాట్‌స్పాట్ మీద పని చేసుకుని, ఆ తర్వాత క్యాంపస్ వైఫై నొక్కితే వస్తుంది. ఆదివారం, సోమవారం పొద్దున అసలు సమస్యే ఉండదు. లైబ్రరీలో ఎప్పుడూ రాకుండా పోలేదు. అదే లాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంది, దానిలో పొద్దున కూడా వైఫై వస్తుంది. అంతకంటే విచిత్రం, ముందు ఉబుంటు తెరిచి, తర్వాత రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి వెళ్తే విండోస్‌లో కూడా వస్తుంది.

ఈ చివరిది పక్క గది సీనియర్ కనిపెట్టాడట. "ఉబుంటు వైఫై కార్డుని నిద్ర లేపుతుంది, విండోస్ లేపలేదు" అని అతని సిద్ధాంతం. అబ్బాయి నెల రోజులుగా పొద్దున్నే దేవుడికి దీపం పెట్టినట్టు ఉబుంటు తెరిచి, మూసి, విండోస్‌లోకి వస్తున్నాడు.

లాప్‌టాప్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏదో కంపెనీ ఉద్యోగులు వాడి వదిలేసిన 2017 నాటి మోడల్. గట్టి యంత్రమే. బ్యాటరీ మాత్రం పావుగంట కంటే ఆగదు. ఇది కూడా అతను చెప్పాడు, నేను రాసుకున్నాను, రాసుకుని పక్కన పెట్టాను.

మొదటి ఊహ: జనం

ఆదివారం, సోమవారం బాగుంటుంది అనగానే నాకు తట్టింది రద్దీ. శనివారం సాయంత్రానికి మా హాస్టల్ సగం ఖాళీ అవుతుంది. దగ్గర ఊళ్ల వాళ్లు ఇళ్లకు పోయి సోమవారం మధ్యాహ్నానికో రాత్రికో వస్తారు. జనం తక్కువుంటే వైఫై బాగుండడం సహజం. లైబ్రరీలో యాక్సెస్ పాయింట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడ బాగుండడమూ సహజమే. ఊహ చక్కగా అతికింది.

యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో ఆ అంతస్తుది చూశాను. పొద్దున ఏడున్నరకి దాని మీద 20 పై చిలుకు పరికరాలు ఉన్నాయి. ఆ పాయింట్‌కి అది లెక్కలోది కాదు. ఛానెల్ రద్దీ కూడా మామూలుగానే ఉంది. అయినా ఊహ మీద మమకారం పోక, పవర్ కొంచెం పెంచి, 5 గిగాహెర్ట్జ్ ఛానెల్ మార్చి రెండు రోజులు ఆగాను. ఏమీ మారలేదు. అసలు నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. రద్దీ వల్లైతే ఫోన్‌కి కూడా ఇబ్బంది రావాలి. అదే గదిలో, అదే మంచం మీద, అదే నిమిషంలో ఫోన్ పనిచేస్తోంది.

రెండో ఊహ: డ్రైవర్

ఇక మిగిలింది ఉబుంటు పూజ. సీనియర్ సిద్ధాంతాన్ని మా వాళ్లు ఎగతాళి చేశారు కానీ నాకు నవ్వు రాలేదు. వైఫై కార్డులోకి ఫర్మ్‌వేర్‌ని (దాన్ని లోపలినుంచి నడిపే చిన్న ప్రోగ్రామ్‌ని) ఎక్కించేది ఆపరేటింగ్ సిస్టమే. కరెంటు తీయకుండా రీస్టార్ట్ చేసినప్పుడు ముందు సిస్టమ్ వదిలిన స్థితి కార్డులో మిగిలి ఉండడం నేను ఇదివరకు చూశాను. ఒక సిస్టమ్‌లో పనిచేసి రెండో దానిలో చేయకపోతే కార్డు బాగుందని, తప్పు దానితో సిస్టమ్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌ది, అంటే డ్రైవర్‌దని అనుకోవడమే ఎవరైనా చేసే పని.

విండోస్ డ్రైవర్ పాతది తీసి, కొత్తది వేసి, అది కుదరక ఇంకో పాతది వేశాను. కార్డుకి పవర్ ఆదా చేసే ఆప్షన్ తీసేశాను. ఒక పూట పోయింది. నా టేబుల్ మీద ప్రతిసారీ కనెక్ట్ అయింది. మర్నాడు పొద్దున 7:40కి హాస్టల్ గది నుంచి మెసేజ్: "సార్, మళ్లీ రావట్లేదు."

ఇంతకుముందు ఒక షాపులో 800 రూపాయలిచ్చి విండోస్ మొత్తం మళ్లీ వేయించుకున్నాడని అప్పుడే చెప్పాడు. అక్కడ కూడా ఆ రోజంతా బాగానే పనిచేసిందట.

రెండు లాగ్‌లు పక్కపక్కన

అప్పుడు చేశాను మొదటి రోజే చేయాల్సిన పని. విండోస్ వైర్‌లెస్ మీద ఒక రిపోర్ట్ తయారు చేసి ఇస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అని కొడితే గత మూడు రోజుల్లో ఎప్పుడు కనెక్ట్ అయింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ ఒక గ్రాఫ్‌తో సహా బ్రౌజర్‌లో చూసుకునేలా ఒక పేజీ తయారవుతుంది. మా హెల్ప్‌డెస్క్‌లో ఇది ఎవరూ వాడరు. నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను.

అబ్బాయి మధ్యాహ్నం తెచ్చిన లాప్‌టాప్‌లో రిపోర్ట్ తీశాను. మధ్యాహ్నం కనెక్ట్ అయింది ఉంది. నిన్న లైబ్రరీలోది ఉంది. పొద్దున 7:40 వైఫల్యం లేదు. నిన్న పొద్దునదీ లేదు. మొన్నదీ లేదు. రిపోర్ట్ ప్రకారం ఈ లాప్‌టాప్ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఫెయిల్ అవలేదు.

ఒక్క క్షణం అబ్బాయి మీదే అనుమానం వచ్చింది, ఒప్పుకుంటాను. పొద్దున అసలు ప్రయత్నించకుండానే మెసేజ్ పెడుతున్నాడా అని.

రేడియస్ సర్వర్ లాగ్, అంటే అది జరిగినవన్నీ రాసుకునే డైరీ, తెరిచాను. అక్కడ ఉంది. 7:38కి అతని రోల్ నంబర్, అతని లాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకి ఉండే సొంత నంబర్). 7:39కి మళ్లీ. 7:41కి మళ్లీ. మొత్తం ఐదు ప్రయత్నాలు. ఐదూ ఒకేలా ఉన్నాయి: సర్వర్ తన సర్టిఫికెట్ చూపించేదాకా సంభాషణ సాఫీగా నడిచింది, ఆ తర్వాత లాప్‌టాప్ నుంచి సమాధానం లేదు. పాస్‌వర్డ్ తప్పైతే సర్వర్ తిరస్కరించినట్టు ఒక రిజెక్ట్ కనిపించేది. ఇక్కడ రిజెక్ట్ లేదు. పాస్‌వర్డ్ దాకా మాటే రాలేదు. సర్వర్ ఎవరినీ బయటికి నెట్టలేదు, లాప్‌టాప్ తనే మధ్యలో ఫోన్ పెట్టేసింది.

దీంతో మొదటి మెట్టు శుభ్రంగా ఉన్నట్టు తేలిపోయింది. రేడియో, సిగ్నల్, డ్రైవర్, రద్దీ, నా రెండు ఊహలూ ఒకేసారి చెత్తబుట్టలోకి. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఒకటి మిగిలింది. ఒకే సంఘటన. సర్వర్ డైరీలో ఉంది, లాప్‌టాప్ డైరీలో లేదు. సర్వర్ గడియారాన్ని నేను నమ్ముతాను. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్‌ల గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో సరిచూసుకోవాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని ఉంది. అప్పుడు అదనపు పని అని సణుక్కుంటూ చేశాం. ఈరోజు ఆ పనే నాకు ఆధారం.

సర్వర్ గడియారం సరైనదైతే మరి లాప్‌టాప్‌ది?

రిపోర్ట్ పక్కన పెట్టి, విండోస్ లాగ్‌లను నేరుగా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. వైర్‌లెస్ లాగ్‌లో ఎంట్రీలు ఒకదాని కింద ఒకటి, జరిగిన వరుసలో ఉంటాయి. నిన్న రాత్రి ఎంట్రీకి, ఈ మధ్యాహ్నం ఎంట్రీకి మధ్యలో ఐదు వైఫల్యాలున్నాయి. ఈవెంట్ నంబర్ 8002, అంటే కనెక్షన్ విఫలం. వాటి పక్కన తేదీ: 2017 జనవరి 1.

రిపోర్ట్ గత మూడు రోజులే చూస్తుంది కదా. ఎనిమిదేళ్లకు పైగా వెనకటి తేదీతో ఉన్నవి దానికెలా కనిపిస్తాయి?

హాస్టల్ గదిలో పొద్దున ఏడున్నర

మర్నాడు పొద్దున టీ కూడా తాగకుండా హాస్టల్‌కి వెళ్లాను. "నేను ఉన్నట్టు అనుకోకు, రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అన్నాను. అబ్బాయి ఛార్జర్ పెట్టాడు. పవర్ బటన్ నొక్కాడు. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు రెండు వరుసలు వచ్చాయి. నేను కళ్లద్దాలు సర్దుకునేలోపే అతని వేలు ఎఫ్1 మీద పడింది, అక్షరాలు మాయమయ్యాయి.

"అదేంటి?" అన్నాను.

"అది రోజూ ఉండేదే సార్. ఎఫ్1 నొక్కితే పోతుంది."

ఆపించి మళ్లీ ఆన్ చేయించాను. తేదీ, సమయం సెట్ చేయలేదు, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి అని సారాంశం. విండోస్ తెరుచుకుంది. కింద కుడి మూల 2017 జనవరి 1. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"తేదీ తప్పుగా ఉంది కదా, ఎప్పుడూ చెప్పలేదేం?"

"వైఫైకి సంబంధం ఏంటి సార్? అది బ్రౌజర్‌కి కదా."

అప్పుడు మిగతా కథంతా వచ్చింది. హాట్‌స్పాట్ పెట్టుకుంటాడు. బ్రౌజర్ తెరిస్తే మీ గడియారం వెనకబడి ఉంది అని ఏ సైటూ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేత్తో తేదీ మార్చుకుంటాడు. పని చేసుకుంటాడు. కాసేపటికి క్యాంపస్ వైఫై నొక్కితే వస్తుంది. తేదీ మార్చడం బ్రౌజర్ గొడవ, వైఫై రావడం వైఫై గొడవ. అతని లెక్కలో అవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకదానికి మందు తెలుసు కాబట్టి దాన్ని ఫిర్యాదులో రాయలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది నాకు బాగా నచ్చింది. రెండు సిస్టమ్‌లు ఉన్న లాప్‌టాప్‌లో గడియారం ఐదున్నర గంటలు తేడా చూపించడం మామూలు విషయం. ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. అందుకని ఉబుంటు నుంచి విండోస్‌లోకి వచ్చినప్పుడల్లా టైమ్ ఐదున్నర గంటలు వెనకుంటుంది. కాలేజీ రోజుల నుంచి అది చూసీ చూసీ, ఈ లాప్‌టాప్‌లో గడియారం ఎప్పుడూ నిజం చెప్పదని అతను స్థిరపడిపోయాడు. అలాంటివాడికి 2017 కూడా ఇంకో అబద్ధం, అంతే.

ఎందుకు ఆగింది, ఎందుకు కొన్నాళ్లు ఆగలేదు

మా రేడియస్ సర్వర్ సర్టిఫికెట్ 2017 నాటికి పుట్టనేలేదు. లాప్‌టాప్ తన లెక్క ప్రకారం సరిగ్గానే ప్రవర్తించింది: ఇంకా మొదలే కాని చెల్లుబాటు తేదీతో ఎవరో కాగితం చూపిస్తున్నారు, వీళ్లకు పాస్‌వర్డ్ ఎలా ఇస్తాను? హాట్‌స్పాట్‌లో ఈ పరీక్షే లేదు. అక్కడ రెండువైపులా తెలిసిన పాస్‌వర్డ్ తప్ప సర్టిఫికెట్ ఉండదు, తేదీ చూసే అవసరం రాదు. ఫోన్‌కి సమయం మొబైల్ నెట్‌వర్క్ నుంచి వస్తుంది, దానికి ఈ బాధే లేదు.

లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా గడియారం నడవడానికి మదర్‌బోర్డు మీద ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది. సాధారణంగా సీఆర్2032. పేరులోనే కొలత ఉంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. లాప్‌టాప్‌లలో దానికి రెండు చిన్న వైర్లు అతికించి పైన ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. అది చచ్చిపోయినా, పెద్ద బ్యాటరీలో కొంచెం ఛార్జ్ ఉన్నంతసేపు గడియారం దాని మీద బతుకుతుంది. రెండూ ఖాళీ అయితేనే తేదీ పుట్టిన రోజుకి పోతుంది.

మరి ఆదివారం, సోమవారం? అది తేలడానికి రూమ్మేట్‌ని అడగాల్సి వచ్చింది. గదిలో ఒక్కటే ఎక్స్‌టెన్షన్ బాక్స్, అది రూమ్మేట్ మంచం వైపు. పదకొండుకి పడుకునే ముందు అతను స్విచ్ ఆపేస్తాడు, ఎర్ర లైటు కళ్లలో పడుతుందని. మనవాడు బ్యాటరీ మీద ఇంకో పావుగంట చదివి, లాప్‌టాప్ దానంతట అది చచ్చేదాకా వాడి పడుకుంటాడు. ఆ రాత్రికి గడియారం పోయినట్టే. రూమ్మేట్‌ది జనగామ వైపు. శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం వస్తాడు. ఆ రెండు రాత్రులూ స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, ఛార్జర్ పెట్టే ఉంటుంది, గడియారం బతికే ఉంటుంది. హాస్టల్ ఖాళీ అవడం నిజమే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. కావాల్సింది ఒక్క మనిషి ఇంటికి వెళ్లడం. లైబ్రరీకి వచ్చేసరికి అప్పటికే తేదీ చేత్తో సరిచేసి ఉంటాడు, బ్యాటరీ ఛార్జ్ అయి ఉంటుంది.

ఉబుంటు సంగతి ఒకటి మిగిలింది. అదే యంత్రం, అదే చచ్చిన గడియారం. దానిలో ఎందుకు వచ్చింది? వైఫై సెట్టింగ్ చూస్తే మొదటి జవాబు దొరికింది: సర్టిఫికెట్ అవసరం లేదు అనే గడిలో టిక్ ఉంది. పరీక్షే పెట్టకపోతే ఫెయిలవడం ఉండదు. టిక్ తీసి మా సర్టిఫికెట్ పెట్టి, పెద్ద బ్యాటరీ పూర్తిగా ఖాళీ చేసి మర్నాడు ఉబుంటు తెరిపించాను. అయినా కనెక్ట్ అయింది! తేదీ చూస్తే 2017 కాదు, ముందు రోజు రాత్రిది. ఉబుంటులో సమయం చూసుకునే సర్వీస్ తనకు చివరగా తెలిసిన సమయాన్ని డిస్క్ మీద రాసుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు మదర్‌బోర్డు గడియారం అంతకంటే వెనక ఉంటే దాన్ని నమ్మదు, తను రాసుకున్న దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. గడియారం బిళ్లే లేని చిన్న బోర్డుల కోసం పెట్టిన జాగ్రత్త ఇది. కొన్ని గంటలు వెనక ఉన్నా సర్టిఫికెట్‌కి ఫరవాలేదు. కనెక్ట్ అయ్యాక నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకుని మదర్‌బోర్డు గడియారంలో కూడా రాసేస్తుంది. ఆ వెంటనే విండోస్‌లోకి వెళ్తే ఐదున్నర గంటలు వెనకున్నా సంవత్సరం సరైనదే, వైఫై వస్తుంది. పక్క గది సీనియర్ చెప్పిన ఆచారం నూటికి నూరుపాళ్లు పనిచేసింది. ఉబుంటు లేపింది కార్డుని కాదు, గడియారాన్ని.

విండోస్ కూడా నెట్ రాగానే తనే సరిచేసుకోవచ్చు కదా అంటే, క్యాంపస్ నెట్ రావాలంటే తేదీ కావాలి, తేదీ రావాలంటే నెట్ కావాలి. హాట్‌స్పాట్ మీద కూడా నమ్మకం లేదు. ఏ డొమైన్‌లోనూ (ఆఫీసులు ఒకే చోట నుంచి నడిపే కంప్యూటర్ల గుంపులోనూ) లేని విడి విండోస్ కంప్యూటర్‌లో టైమ్ సర్వీస్‌కి ఒక హద్దు ఉంటుంది, మామూలుగా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. అంతకు మించి తేడా ఉంటే అది మార్చదు.

మరమ్మతు

వెనక మూత విప్పి బిళ్ల వోల్టేజీ మల్టీమీటర్‌తో చూస్తే 1.1 వచ్చింది. 3 దగ్గర ఉండాలి. వైర్లతో ఉన్న కొత్తది టౌన్‌లో 120 రూపాయలకు దొరికింది. పది నిమిషాల పని. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) తేదీ పెట్టాం. ఆ రాత్రి కావాలనే బ్యాటరీ చచ్చేదాకా వాడి, స్విచ్ ఆపి పడుకోమన్నాను. పొద్దున 7:36కి మెసేజ్ రాకముందే సర్వర్ లాగ్‌లో చూశాను, యాక్సెప్ట్.

విద్యార్థి సొంత లాప్‌టాప్ మూత విప్పడం మా పని కాదని ఆఫీసులో ఒక చర్చ నడిచింది. రూల్ ప్రకారం కాదు. కానీ షాపులో 800 పోసి వచ్చిన పిల్లాడికి "గడియారం బ్యాటరీ మార్పించుకో" అని చీటీ రాసిస్తే ఇంకో షాపు ఇంకో మదర్‌బోర్డు అంటుంది. నేను విప్పాను, ఇకమీదటా విప్పుతాను.

అబ్బాయి మధ్యలో ఒక సులువు అడిగాడు: "ఉబుంటులో టిక్ పెట్టినట్టు విండోస్‌లో కూడా సర్టిఫికెట్ చూడొద్దని పెడితే అయిపోయేది కదా సార్?" అయిపోయేదే. ఆ రోజే టికెట్ మూసేవాళ్లం కూడా. చేయకూడనిది సరిగ్గా అదే. మా నెట్‌వర్క్ పేరుతోనే ఎవరైనా మెస్ పక్కన ఒక పెట్టె పెడితే, సర్టిఫికెట్ చూడని లాప్‌టాప్ దానికి కూడా తన లాగిన్ సంభాషణ అప్పజెప్తుంది. పాస్‌వర్డ్ సరిచూడడానికి మేం వాడుతున్న ఎంఎస్‌చాప్ వెర్షన్ 2 పద్ధతిలో ఆ సంభాషణ దొరికితే చాలు. దాన్ని ఛేదించడం డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఒకే ఒక్క తాళం వెతికే పనికి తగ్గిపోతుందని 2012లోనే డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో భద్రతా పరిశోధకులు మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చూపించారు. అదే పాస్‌వర్డ్‌తో పిల్లలు మార్కులు చూసుకుంటారు, ఫీజు కడతారు. ఆండ్రాయిడ్ 11కి 2020 డిసెంబర్‌లో వచ్చిన అప్‌డేట్ నుంచి డు నాట్ వాలిడేట్ (సర్టిఫికెట్ సరిచూడొద్దు) అనే ఎంపికను గూగుల్ తీసేయడం మొదలుపెట్టింది అందుకే. అతని ఉబుంటులో టిక్ మళ్లీ పెట్టనివ్వలేదు.

తర్వాత మార్చినవి

సర్టిఫికెట్ చూపించాక మౌనం అనే గుర్తుతో మొత్తం రేడియస్ లాగ్‌ని వెతికాను. రోజూ పొద్దున ఇలాగే ఆగిపోతున్న లాప్‌టాప్‌లు ఇంకో రెండు దొరికాయి. పిలిపించాం. ఒక అమ్మాయి లాప్‌టాప్‌ది అచ్చంగా ఇదే జబ్బు, తేదీ 2015. రెండోది ఒక రీసెర్చ్ స్కాలర్‌ది. తేదీ సరిగ్గానే ఉంది. ఆయన లాప్‌టాప్‌లో దాచి ఉన్న వైఫై సెట్టింగ్ (ప్రొఫైల్) మేం సర్టిఫికెట్ సంతకందారుని మార్చకముందు తయారు చేసుకున్నది, పాత సంతకాన్నే వెతుకుతోంది. లాగ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఆ గుర్తు దొరికినంత మాత్రాన బిళ్ల బ్యాటరీ కొనడానికి పరిగెత్తకూడదు.

హెల్ప్‌డెస్క్ ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం: కనెక్ట్ కానప్పుడు స్క్రీన్ కింద కుడి మూల ఏ తేదీ, ఏ సమయం కనిపిస్తోంది? స్క్రీన్ ఫోటో పంపండి. మీ కంప్యూటర్ తేదీ సరిగ్గా ఉందా అని అడగలేదు. అలా అడిగితే అందరూ ఉంది అనే రాస్తారు.

కొత్తవాళ్లు సెట్టింగ్స్ తెచ్చుకోవడానికి మాకు పాస్‌వర్డ్ లేని ఒక చిన్న నెట్‌వర్క్ ఉంది. దానిలో టైమ్ సర్వర్లకు వెళ్లే దారి కూడా తెరిచాం. గడియారం కాస్త అటూఇటూ అయిన లాప్‌టాప్‌లకు పనికొస్తోంది. సంవత్సరాలు వెనకబడ్డ విండోస్‌కి మాత్రం పైన చెప్పిన 15 గంటల హద్దు ఉంది కాబట్టి చేత్తో పెట్టుకోవాల్సిందే.

రెండు వారాల తర్వాత ఆ అబ్బాయి నుంచి ఇంకో టికెట్ వచ్చింది. ఈసారి ఫోటో జత చేశాడు. కుడి మూల తేదీ సరైనదే, సమయం ఐదున్నర గంటలు వెనక. "సార్, గడియారం మళ్లీ తప్పింది. రేపటినుంచి వైఫై పోతుందా?" పోదు అని రాసి, ఉబుంటు కూడా మదర్‌బోర్డులో మన సమయమే రాసేలా ఒక్క లైన్ కమాండ్ పంపాను. ఎఫ్1 స్క్రీన్ ఇప్పుడు రావట్లేదట. మొదటి నాలుగైదు రోజులు అలవాటుగా నొక్కాడట.